సరోజక్క నిద్ర, కాంతమ్మత్త ముంజలు

మా చిన్నప్పుడు... ఒక వేసవి సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, సరోజక్కను ఎంత లేపినా లేవలేదు.

సరోజక్క మా పెద్దనాన్న కూతురు. అప్పుడే ఏడో తరగతి పూర్తి చేసింది. మా ఊరు భద్రాచలం అవతల, చర్ల దాటాక, అడవి అంచున ఉంటుంది. ఆ రోజు పొద్దున ఆమె తలకు దెబ్బ తగిలింది. చుక్క రక్తం రాలేదు. అందుకే సాయంత్రానికి ఆ దెబ్బ సంగతి ఇంట్లో ఒక్కరికీ గుర్తు లేదు.

జరిగింది ఇది... పొద్దున గాలి లేచింది. పెరట్లో మామిడికాయలు రాలుతున్నాయి. ఒకే కాయ కోసం సరోజక్క ఇటు నుంచి, పక్కింటి కాంతమ్మత్త కొడుకు నాగులు అటు నుంచి పరుగెత్తుకొచ్చి వంగారు. వాడి నుదురు ఈమె కణతకు కొట్టుకుంది. సరోజక్క కూలబడి, కొంచెంసేపు ఎటో చూస్తూ ఉండిపోయింది.

చప్పుడు విని మా నాయనమ్మ వచ్చింది. వచ్చీ రాగానే చేసిన పని... ఇద్దరి తలలూ పట్టుకుని ఇంకోసారి తాకించడం.

"ఒక్కసారే గుద్దుకుంటె కొమ్ములు మొలుస్తయే! రాండ్రి ఇటు."

"మొలిస్తె మంచిదే నాయనమ్మా, నాగులుగాన్ని పొడుస్త," అంది సరోజక్క.

అందరం నవ్వాం. నాయనమ్మ కొంగు ఉండచేసి, నోటితో ఊది, బొప్పి మీద అద్దింది. వైద్యం అయిపోయింది.

తర్వాత సరోజక్క అన్నం తింది. బోరింగు దగ్గర నుంచి నీళ్లు తెచ్చింది. కాంతమ్మత్త వాకిట్లో ముంజలు తింది. మేమూ తిన్నాం.

మధ్యాహ్నం తలనొప్పి అంది. వాంతి చేసుకుంది. కాసేపటికి మళ్లీ చేసుకుంది. తర్వాత పడుకుంది.

అక్కడి నుంచి ఇంట్లో అనుమానం మొదలైంది. అయితే దెబ్బ మీద కాదు... ముంజల మీద.

"ముదురువి పెట్టినట్టున్నది," అంది సరోజక్క తల్లి, మా పెద్దమ్మ.

నాయనమ్మకు అది సరిపోలేదు. బోరింగు దగ్గర కాంతమ్మత్తతో పడ్డ పాత గొడవ ఆమెకు గుర్తొచ్చింది. "ముదురు ముంజల్ల లేదు, దాని మనసుల ఉన్నది," అంది. సాయంత్రానికి ఆ మాట "ఏందో కలిపి పెట్టింది" దాకా వెళ్లింది. అలా ముందు అన్నది ఎవరో ఇప్పటికీ తేలలేదు.

లోపల సరోజక్క గురక పెడుతోంది. "పడుకోనియ్యుండ్రి, నిద్రవోతె తగ్గుతది," అని పెద్దమ్మ మమ్మల్ని బయటికి తోలింది. సరోజక్క అంతకుముందు ఎప్పుడూ గురక పెట్టలేదు. దాన్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు.

పెద్దనాన్న చేను నుంచి రాగానే కాంతమ్మత్తను వాకిట్లోకి పిలిచాడు.

"పిల్లకు ఏం బెట్టినవ్ కాంతమ్మా?"

"ముంజలు బెట్టిన అన్నా. నన్ను నువ్వు గిట్ల అడుగుడేంది?"

"ఉత్త ముంజలేనా?" అంది నాయనమ్మ.

"కాదు చిన్నమ్మా, నీ కోడలు వండని పాయసం గూడ బెట్టిన!"

కాంతమ్మత్త నాగులును రెక్క పట్టుకుని ముందుకు లాగింది. "గిదో, వీడు గూడ గవే తిన్నడు. వీనికి ఎక్కని విషం మీ పిల్లకెట్ల ఎక్కింది? లేపుండ్రి సరోజను. నేనేం బెట్టిన్నో అదే జెప్తది. ఇంక మీ గడప తొక్కితె నన్ను అడుగుండ్రి!"

అలా సరోజక్కను లేపారు... ఎలా ఉందో చూడటానికి కాదు, సాక్ష్యం చెప్పించడానికి.

లేవలేదు. పెద్దనాన్న కూర్చోబెడితే తల పక్కకు వాలిపోయింది. పెద్దమ్మ కేక పెట్టింది. అప్పుడు కాంతమ్మత్తే కొడుకు నుదుటి మీది బొప్పి చూపించింది. "పొద్దుగాల ఇద్దరు నెత్తులు గుద్దుకున్నరంట గదా... ఈ పిల్లకు యాడ తగిలింది?"

నాయనమ్మ సరోజక్క జుట్టు పక్కకు తీసి కణత చూపించింది.

జీపులో భద్రాచలం, అక్కడి నుంచి వరంగల్. పుర్రె లోపల రక్తం కొంచెం కొంచెంగా చేరి మెదడును నొక్కుతోందని చెప్పి, ఆపరేషన్ చేశారు. తెల్లారేదాకా పడుకోబెట్టి ఉంటే ఇక లేచేది కాదని డాక్టర్ పెద్దనాన్నతో అన్నారట. సరోజక్క బతికింది.

రెండోసారి తాకించడం వల్ల ఎంత నష్టం పెరిగిందో ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగే వీలూ లేదు. నాయనమ్మ మాత్రం ఆ తర్వాత ఎవరి తలలూ తాకించలేదు.

పెద్దయ్యాక విలేకరినయ్యాను. రోడ్డు ప్రమాదాల వార్తల్లో ఈ వరుసే చాలాసార్లు రాశాను... బండి జారింది, లేచాడు, చాయ్ తాగాడు, "ఏం కాలే" అన్నాడు, ఇంటికెళ్లి పడుకున్నాడు. అందుకే "ఏం కాలే" అన్న మాటను నేను నమ్మను. తలకు దెబ్బ తగిలాక వాంతులైనా, నొప్పి పెరుగుతున్నా, మత్తుగా ఉన్నా, మాట తికమకగా వస్తున్నా వెంటనే దవాఖానాకు తీసుకెళ్లండి. పడుకుంటే తగ్గుతుందని ఆగకండి.

కాంతమ్మత్త మళ్లీ మా గడప తొక్కలేదు. పెద్దనాన్న వెళ్లి చేతులు పట్టుకుంటే, "నాకేం కోపం లేదన్నా," అంది. కోపం లేదు గానీ, ఆ తర్వాత ఏ ఇంటి పిల్లకూ ఏమీ పెట్టలేదు.

ఆ వేసవికి ముందు ఎక్కడ ఆకలేస్తే ఆ వాకిట్లోనే తినేవాళ్లం... ఎవరు పెట్టారని అడిగేవారు లేరు. ఇప్పుడు మా వాడలో పక్కింటివాళ్లు ఏదైనా ఇస్తే, పిల్లలు చేయి చాపే ముందు తల్లి ముఖం చూస్తారు.

మీ ఇళ్లలో పిల్లల తలకు దెబ్బ తగిలితే పెద్దవాళ్లు ముందు ఏం చేసేవారు... మీకు గుర్తున్నది కింద రాయండి.

సరోజక్కకు ఆ ఆపరేషన్ తర్వాత ఫిట్స్ మొదలయ్యాయి. ఇప్పటికీ గోళీలు వేసుకుంటోంది. కొన్నేళ్లుగా ఫిట్స్ రాలేదు. గోళీలు తగ్గించవచ్చో లేదో ఖమ్మంలో డాక్టర్ రేపు చెప్తారు. పొద్దున మొదటి బస్సుకు బయలుదేరుతోంది... నేను ఖమ్మం బస్టాండులో ఉంటాను.