మైలలో ఉన్న గ్రీకు దేవుడు

చావు జరిగిన ఇంట్లో దినాలు అయ్యేదాకా టీవీ పెట్టకూడదని మా అత్త చెప్పింది. అత్త అంటే మా నాయనకు అక్క. అమ్మ పోయిన రోజే రాయచెర్లు నుంచి ఆటోలో దిగి, ఏది చేయాలో ఏది చేయకూడదో చెప్పే పని మీదేసుకుంది. మాది తిరుమణి. నేను పెద్ద కూతురిని. పావగడలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. సెలవు పెట్టి వచ్చాను.

అత్త వచ్చినప్పటి నుంచి నాయన ఆమెను ఒకే మాట అడుగుతున్నాడు. పదకొండో దినం అమ్మకు పెట్టే కూడు కాకి తింటుందా అని. కాకి ముడితే పోయినవాళ్ళు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకుని పోయినట్టు. అమ్మ పోయిన పూట నాయన డ్యూటీలో ఉన్నాడు. అంతకు మించి ఆయన ఏమీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

"తింటాదిలే" అనేది అత్త. కాసేపటికి మళ్ళీ అడిగేవాడు.

నాయన, తమ్ముడు ఒకరితో ఒకరు మాట్లాడుకునే మనుషులు కారు. నాయనకు ఏమైనా కావాలంటే అమ్మకు చెప్పేవాడు, అమ్మ తమ్ముడికి చెప్పేది. ముగ్గురూ ఒకే గదిలో కూర్చున్నా ఇదే పద్ధతి. ఇప్పుడు ఆ మధ్య మనిషి లేదు. టీవీ కూడా లేదు. ఇంట్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

అస్థికలు శ్రీరంగపట్నంలో కలిపి వచ్చిన మరునాడు తమ్ముడు తన వీడియో గేమ్ పెట్టె తెచ్చి టీవీకి తగిలించాడు. అత్త వంటింట్లోంచి వచ్చింది.

"టీవీ పెట్టొద్దని చెప్తి కదరా."

"ఇది టీవీలో వచ్చేది కాదత్తా. నా పెట్టెలోంచి వచ్చేది."

"ఏం కథ?"

"ఒకాయప్ప పెండ్లాం సచ్చిపోతాది. ఆమె బూడిద సంచిలో ఏసుకుని, కొడుకుని ఎంట పెట్టుకుని, అన్నిటికన్నా ఎత్తు కొండ మీద కలపనీకి పోతా ఉంటాడు."

అత్త కాసేపు ఆలోచించి చాప తెచ్చుకుని కూర్చుంది. మామూలుగా అయితే ఈ రోజుల్లో గరుడ పురాణం చదివిస్తారు. ఈసారి చదివే అయ్యవారు దొరకలేదు. దీనితో సర్దుకుందామని ఆమె అనుకున్నట్టుంది.

ఆ ఆటలోని తండ్రి గ్రీకు దేశం వాడు. సగం దేవుడు. అక్కడి దేవుళ్ళందరితో గొడవ పెట్టుకుని, వాళ్ళను చంపి, మంచు కురిసే ఉత్తర దేశానికి వచ్చి రెండో పెళ్ళి చేసుకున్నాడు. గ్రీకు కథలు, ఆ ఉత్తరాది కథలు రెండూ నేను చదివాను. గ్రీకు దేవుళ్ళది ఒకే కుటుంబం. తండ్రి పిల్లలను మింగుతాడు, పిల్లలు తండ్రిని గద్దె దించుతారు. ఉత్తరాది దేవుళ్ళకు తాము ఎట్లా చస్తారో ముందే తెలుసు. అయినా తిని తాగి పోట్లాడుకుంటూ ఉంటారు. ఈ రెండూ వేరు వేరు కథలని, ఆ కథలోని మనిషి ఈ కథలోకి రావడం పుస్తకాల్లో లేదని నేను అన్నాను.

"ఎందుకు రాగూడదు? ఆడ బతకలేక ఈడికొచ్చినాడు. మనోళ్ళు బెంగుళూరు పోలేదా?" అంది అత్త.

తర్వాత నేను పుస్తకాల సంగతి ఎత్తలేదు.

అత్తకు ఆ తండ్రి నడవడిక మీద చాలా అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది గడ్డం.

"గుండు చేపిచ్చుకున్నాడు, బాగుండాది. గడ్డం ఎందుకు పెట్టుకున్నాడు?"

తమ్ముడికి ఆ వారమే గుండు కొట్టించి, గడ్డం, మీసం తీయించింది ఆమే. తమ్ముడు నున్నటి తల నిమురుకుంటూ, "మంగలి సగం పని చేసి పోయినాడేమో అత్తా" అన్నాడు.

రెండోది బూడిద. "అన్ని దినాలు సంచిలో పెట్టుకుని తిరుగుతారా ఎవరన్నా? బిన్నా, ఆలస్యం లేకుండా కలిపేయాల."

"మనకి కారు దొరికినాది. వాళ్ళకి దొరకలేదు."

మూడోది గుడి. తండ్రీ కొడుకులు ఒక పాత గుడి మెట్లు ఎక్కుతుంటే అత్త లేచి నిలబడింది. "మైలలో ఉండి గుళ్ళోకి యాడికి పోతాడు? తిప్పు, వెనక్కి తిప్పు." లోపలికి పోకపోతే కథ ముందుకు పోదని తమ్ముడు ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. చివరికి ఆమె స్నానానికి పోయినప్పుడు లోపలికి పోయి వచ్చాడు.

పరామర్శకు వచ్చినవాళ్ళు కూడా చాప మీద కూర్చుని చూశారు. మొదటి రోజు వచ్చి అమ్మ గురించి కంటనీరు పెట్టుకున్న పక్కింటామె, రెండోసారి వచ్చి గుమ్మంలోనే "కొండ ఎక్కినారా?" అని అడిగింది.

నాయన మొదట మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఇటు తిరిగాడు. ఆటలో తండ్రి కొడుకును పేరుతో పిలవడు. ఒక్క మాట అంటాడు, లేదా గొంతులో ఒక మూలుగు. కొడుకు ఎన్ని ప్రశ్నలు అడిగినా అంతే.

"ఆయప్ప మాట్లాడే ఆ ఒక్క మాటే సాలు" అన్నాడు నాయన. తమ్ముడు నా వైపు చూశాడు. ఆ మాట ఎవరితో అన్నాడో మా ఇద్దరికీ తెలియలేదు.

ఇబ్బంది కాకులతో మొదలైంది. ఆ ఆటలో అక్కడక్కడ నల్లటి పెద్ద కాకులు ఎగురుతుంటాయి. వాటిని గొడ్డలి విసిరి కొట్టాలి. అవి ఎవరివని అత్త అడిగింది. ఉత్తరాది దేవుళ్ళలో పెద్దాయనకు ఒకే కన్నని, ఆయన కాకులు రోజూ లోకమంతా తిరిగి వచ్చి చెవిలో కబుర్లు చెబుతాయని నేను వివరించాను. చెప్పకుండా ఉండాల్సింది.

అత్త తమ్ముడి వైపు తిరిగింది. "కబుర్లు మోసే కాకుల్నా నువ్వు సంపేది? మీయమ్మ కూడుకి ఇంగ ఏది వస్తాదిరా?"

"అవి మన కాకులు గాదత్తా. వేరే జాతి."

"కాకుల్లో జాతులేందిరా? అదీ నల్లగుండాది, ఇదీ నల్లగుండాది. ఒకటి చూసి ఇంకోటికి చెప్పదా?"

నాయన లేచి కూర్చున్నాడు. ఆయన ముఖం పాలిపోయింది. ఎందుకో కాసేపటికి అర్థమైంది. మా చేను సోలార్ కంపెనీకి లీజుకి ఇచ్చాక, శనక్కాయలు వేసిన చోటే ఇప్పుడు ప్యానెళ్ళు ఉన్నాయి. నాయన వాటికి సెక్యూరిటీ గార్డు. తమ్ముడు అక్కడే ప్యానెళ్ళు కడుగుతాడు. పక్షులు రెట్ట వేస్తే కరెంటు తగ్గుతుంది. వేసినది కడగడం తమ్ముడి పని. వేయకుండా తరమడం నాయన పని. విజిల్ ఊది, మట్టిగడ్డలు విసిరి, తిరుమణి కాకులన్నిటినీ ఆయన కొన్నేళ్ళుగా తరుముతున్నాడు.

ఆ సంగతి నేను అత్తకు చెప్పాను. "జీతమిచ్చి తరమమన్నారా?" అంది.

పదకొండో దినం వచ్చింది. ఊరి బయట బండ మీద ఇస్తరాకు వేసి అన్నం, పప్పు, రాగి ముద్ద, వడలు, శనక్కాయల చట్నీ పెట్టాం. అమ్మకు ఆ చట్నీ ఉంటే వేరే కూర అక్కరలేదు. తమ్ముడు నీళ్ళు పెట్టి దండం పెట్టాడు. అందరం దూరంగా జరిగి నిలబడ్డాం.

కాకులు ఉన్నాయి. సోలార్ ప్లాంట్ కంచె మీద వరసగా కూర్చుని చూస్తున్నాయి. ఒక్కటీ రాలేదు.

ఇట్లాంటప్పుడు పోయినవాళ్ళ మనసులో ఏముందో ఊహించి గట్టిగా మాట ఇస్తారు. సరైన మాట పడితే కాకి దిగుతుందని నమ్మకం.

"నీ కొడుక్కి ఈ సంవత్సరమే పెండ్లి చేస్తాం తల్లీ" అంది అత్త. కాకులు కదలలేదు. తమ్ముడు కొంచెం ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది.

"ఇల్లంతా సున్నం కొట్టిస్తాం."

కదలలేదు.

"ఆటలో కాకుల్ని కొట్టను" అన్నాడు తమ్ముడు, అత్త మోచేత్తో పొడిచాక. ఒక కాకి రెక్క కింద గోక్కుంది.

నాయన ఒక అడుగు ముందుకు వేసి ఏదో చెప్పబోయాడు. కంచె మీది కాకులన్నీ ఒకేసారి లేచి, అరుచుకుంటూ దూరంగా పోయి ప్యానెళ్ళ మీద దిగాయి. ఆయన నోరు మూసుకుని వెనక్కి వచ్చాడు. కండువా అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఆమెకి నా మీదనే కోపం" అన్నాడు.

తమ్ముడు ఆయన దగ్గరికి పోయాడు. "అమ్మకి కాదు నాయనా. కాకులకి. వాటికి మొగాలు గుర్తుంటాయంట. అక్కని అడుగు."

నిజమే, చదివానని చెప్పాను.

తమ్ముడు బైక్ దగ్గరికి పోయి హెల్మెట్ తెచ్చి నాయన తలకు పెట్టాడు, బెల్టు కూడా వేశాడు. తెల్ల పంచె, కండువా, నల్ల హెల్మెట్‌తో నాయన కదలకుండా నిలబడ్డాడు. అత్త తల కొట్టుకుంది. కాకులు ఇంకొంచెం దూరం జరిగాయి.

"నడక కూడా గుర్తుంటాదేమో" అన్నాడు తమ్ముడు. "నువ్వు ఆ మోటారు గది ఎనక్కి పో నాయనా. నేను చూసి చెప్తా."

ఆ పదకొండు దినాలూ అందరికన్నా ఎక్కువ ఎదురు చూసిన మనిషి చూడకుండా ఉండాలి. నాయన హెల్మెట్‌తోనే గది వెనక్కి పోయాడు. తమ్ముడు గోడ మూలన, ఆయనకు వినపడేంత దగ్గరగా నిలబడ్డాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒకటి వచ్చి బండ అంచు మీద వాలింది.

"వచ్చినాదా?" గోడ వెనక నుంచి, హెల్మెట్ లోపలి నుంచి గొంతు.

"వచ్చినాది. చూస్తాండాది."

"ముట్టినాదా?"

"ఇంకా లేదు. ముద్దని పొడిచినాది. వదిలేసినాది."

"చట్నీ?"

"చట్నీ కాడికి పోయినాది. తింటాండాది నాయనా."

గోడ వెనక హెల్మెట్ గోడకు ఆనిన చప్పుడైంది.

"నాయనా?"

"కోపంగా ఉండాదా?"

"ఎవరు?"

"కాకి."

తమ్ముడు మెడ చాచి శ్రద్ధగా చూశాడు. "లేదు. మూతికంతా పూసుకున్నాది."

"సన్నగా మాట్లాడుకోండప్పా, ఎగిరిపోతాది" అని అత్త ఇటు నుంచి గొణిగింది.

"ఇంకా తింటాండాదా?" అన్నాడు నాయన.

"తింటాండాది. ఇంకో రెండు వచ్చినాయి. వడకి కొట్లాడతాండాయి."

"ఏది గెల్చినాది?"

"చిన్నది."

అత్త మళ్ళీ గొణిగింది. వాళ్ళు వినలేదు.