అవ్వ అడిగిన గాలి

ఆ కాలంలో పాత కారు కొనడమంటే దానితో పాటు కొన్ని ప్రశ్నలను కూడా ఇంటికి తోలుకురావడమే. ఇప్పటి కార్లకు నోరుంది. బెల్టు పెట్టుకోకపోతే గోల చేస్తాయి, తలుపు సరిగా పడకపోతే చెబుతాయి (నా కారైతే నేను అలసిపోయానని అదే తేల్చేసి కాఫీ తాగమంటుంది, మా ఆవిడ కూడా నన్నంతగా పట్టించుకోదు). ఆ రోజుల్లో కార్లు నోరు విప్పేవి కావు. తయారుచేసినవాడు ఎంతో ఆలోచించి ఎక్కడెక్కడో ఏవేవో అమర్చి, ఎందుకో చెప్పకుండా వెళ్ళిపోయేవాడు. కొన్నవాళ్ళే ఒక్కొక్కటీ కనుక్కోవాలి. మా కారులో ఒక మీట ఉండేది. అదెందుకుందో నాకు ఇరవై ఏళ్ల వయసులోనే తెలిసిపోయిందనుకున్నాను. తెలియలేదు.

మాది కాణిపాకానికి దగ్గర్లో ఒక పల్లె. మామిడి తోపుల మీద బతికే కుటుంబం. ఒక ఏడాది కాయ బాగా కాసి ధర కూడా కలిసొచ్చేసరికి, మా నాయన చిత్తూరులో ఒక ముసలి ప్లీడరు దగ్గర గుండ్రటి వీపున్న బూడిద రంగు కారు కొన్నాడు. ఆ వారమంతా ఇంట్లో పరిశోధనలే. హెడ్‌లైట్లను పైకీ కిందికీ మార్చే స్విచ్చి ఎడమకాలి కింద, నేల మీద ఉండేది. అది తెలియక నాయన దాని మీద కాలానించి నడిపితే, మా కారు ఎదురొచ్చిన లారీకల్లా కన్నుకొట్టేది. ముందు తలుపుల మూలన చిన్న ముక్కోణపు అద్దాలుండేవి, వాటిని తిప్పితే గాలి సరిగ్గా నాయన చంకలోకి కొట్టేది. బంపరు మధ్యలో ఒక బొక్క ఉంది. బ్యాటరీ చచ్చిపోతే ఇనుప కడ్డీ దూర్చి తిప్పి ఇంజను లేపడానికని మెకానిక్కు వచ్చి చెప్పేదాకా, అమ్మ అందులో అగరొత్తులు గుచ్చేది (అగరొత్తి వేరు, బండికి పూజ వేరు. ఆ తేడా ఎంత దూరం పోతుందో కాసేపట్లో మీకే తెలుస్తుంది). ఇక అంతుపట్టనిది ఒకటే మిగిలింది. డాష్‌బోర్డు కింద, మధ్యలో కూర్చున్నవాడి మోకాలికి తగిలేలా, నల్ల పిడి ఉన్న మీట. "దాన్ని మాత్రం ముట్టబాకండి. ఇంజను ఊడి రోడ్డు మీద పడితే ఎవురు ఎత్తేది?" అన్నాడు నాయన. ఆ మాటతో పరిశోధన అక్కడ ఆగింది.

మంచిరోజు చూసి కాణిపాకం తీసుకెళ్ళి పూజ చేయించాలని అనుకుంటూ ఉండగానే, ఒక ఎండపొద్దు మా అవ్వకు గుండెల్లో నొప్పి వచ్చింది. అవ్వంటే నాయనకు అమ్మ. మా తాత పోయేనాటికి నాయన ఇంకా పలక పట్టే వయసు. అప్పటినుంచీ అవ్వ నుదుటన సన్నటి విభూతి గీత తప్ప ఇంకొకటి ఎవరూ చూడలేదు. ఊళ్ళో సూది వేసే డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, కనుబొమలు ముడిచి, "ఈడ పెట్టుకోవద్దన్నా. బిరీన తిరుపతికి ఎత్తుకోని పోండి" అన్నాడు. నాయన పరుగున కారు తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. అవ్వ మంచం మీద కూర్చుని ఒక చేత్తో గుండె పట్టుకుని, రెండో చెయ్యి అడ్డంగా ఊపింది.

"పూజ కాని బండి నేనెక్కను."

"అమ్మా, ఇప్పుడా ఆ మాట? ఎక్కకుంటే అంబులెన్సు పిలుస్తా."

"దానికి మాత్రం పూజ చేసినారని నీకెవురు చెప్పినారు?"

నాయన కారు తలుపు తెరిచాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ తెరిచాడు. చివరికి దారి చూపించింది మా అమ్మే. "అత్తా, కాణిపాకం మీదనే గదా పోవాల. పూజకని ఎక్కు. పూజ అయినాక అట్నే తిరుపతికి పోదాము" అంది. అవ్వ ఊపిరి కూడదీసుకుంటూ ఆలోచించింది. పూజకు పోయే బండి వేరు, ఊరికే పోయే బండి వేరు అని తీర్పు చెప్పి లేచింది. పడుకుంటే ఊపిరాడటం లేదని ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. ఆమెను పట్టుకోవడానికి నేను మధ్యలో. వెనకాల అమ్మ, తనకు తెలిసిన దేవుళ్ళందరినీ వరసగా పిలుస్తూ.

కాణిపాకంలో పూజారి అవ్వను ఒక్క చూపు చూసి సంగతి గ్రహించాడు. మంత్రాలు పరుగెత్తించాడు. అవ్వ మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి, "సామీ, నిమ్మకాయలు నాలుగు చక్రాల కింద పెట్టల్లేదే" అంది. పెట్టాడు. "టెంకాయ కొట్టల్లేదే" అంది. కొట్టాడు. నాయన చేతులు జోడించి దణ్ణం పెట్టింది దేవుడికో, పూజారికో, వాళ్ళ అమ్మకో ఇప్పటికీ నేను చెప్పలేను. బొట్లు పెట్టే తీరిక లేక పూజారి కుంకుమ పొట్లం విప్పి, అద్దం ముందు, బానెట్టు చివరనున్న పల్లంలో మొత్తం కుమ్మరించి, పైన బంతిపూల దండ అడ్డంగా వేసి, "పోండి నాయనా, స్వామి చూసుకుంటాడు" అన్నాడు. నిమ్మకాయలు చిట్లిన చప్పుడు విన్నాకే అవ్వ వెనక్కి వాలింది.

తిరుపతి దారిలో పడ్డాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. అద్దాలన్నీ దించినా, ముక్కోణాన్ని అవ్వ వైపు తిప్పినా ఆమె పెదవులు నల్లబడుతున్నాయి. ఆమె తల నా భుజం మీద బరువుగా వాలింది. "గాలి ఆడ్డం లేదురా అబ్బోడా" అంది. ఆ గొంతు మా అవ్వది కాదు. నాకు భయం వేసింది. ఏం చెయ్యాలో తోచలేదు, చేతికి తగిలిన ప్రతిదాన్నీ తిప్పడం మొదలుపెట్టాను. ఆ నల్ల పిడి చేతికొచ్చింది. "రేయ్, దాన్ని ముట్టబా..." అని నాయన అంటూ ఉండగానే లాగేశాను.

ఆ మీట పని ఏమిటంటే, అద్దం ముందు బానెట్టు మీద ఉన్న చిన్న మూతను పైకెత్తడం. ఎదురుగాలిని నేరుగా మన ముఖాల మీదికి మళ్ళించడం. తయారుచేసినవాడి తెలివికి దణ్ణం పెట్టాల్సిందే. కాణిపాకం సంగతి ఒక్కటే పాపం అతనికి తెలియదు. పొట్లం కుంకుమంతా ఒక్క ఊపులో లోపలికొచ్చింది. ముందు ఎరుపు, ఆ తర్వాత బంతిరేకులు, ఆ తర్వాత మా అమ్మ కేక. నాయన తెల్లచొక్కా, మీసం, కళ్ళజోడు, నా తల, అన్నీ ఒకటే రంగు. నాయన బండి పక్కకు ఆపి, కళ్ళజోడు పంచెతో తుడుచుకుని, దగ్గి, నా వైపు ఒక చూపు చూశాడు. అప్పుడు అవ్వ అంది, "తిట్టబాకురా వాడిని. ఇప్పుడు గాలి వస్తా ఉండాది." నాయన గేరు వేశాడు. ముఖం కడుక్కోవడానికి కూడా మేం ఆగలేదు.

పెద్దాసుపత్రి వాకిట్లో కారు ఆగగానే ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. తలనుంచి ఛాతీదాకా ఎర్రగా ఉన్న ముగ్గురు మనుషులు, వెనకసీట్లో గుండెలు బాదుకుంటున్న ఒక ఆడమనిషి. ఎటునుంచి వచ్చాయో, స్ట్రెచర్లు వచ్చేశాయి. మొదటిదాని మీద నాయనను పడుకోబెట్టేశారు. "నాకేం కాలేదప్పా, మాయమ్మను సూడండి" అని ఆయన లేవబోతే, "షాకులో ఉండాడు, గట్టిగా పట్టుకోండి" అన్నారు. "అది కుంకుమ" అని నేనంటే ఎవరూ వినలేదు. పరుగున వచ్చిన డాక్టరమ్మ నాయన నుదుటిని వేలితో రాసి, వాసన చూసి, ఆ వేలు తన కోటుకు తుడుచుకుంది. తర్వాత అవ్వ వైపు తిరిగింది, నాడి పట్టుకుంది, అంతే, అవ్వను లోపలికి తీసుకుపోయారు. సాయంత్రం ఆవిడే బయటికొచ్చి, గండం గడిచిందని, దిగీ దిగగానే చూడటం మంచిదైందని చెప్పింది. నాయన మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. కన్నీళ్ళు పడినచోట ముఖం మీద మాత్రం అసలు రంగు తేలింది. నేను ఆయన పక్కన కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

మమ్మల్ని లోపలికి పంపినప్పుడు నర్సమ్మ తడిగుడ్డతో అవ్వ ముఖం తుడవబోతోంది. అవ్వ ఆ చెయ్యి పట్టుకుంది. "ఉండనీ తల్లీ. నేను పెట్టుకోలేదు. దానంతట అదే వచ్చింది" అంది. స్వామి ప్రసాదం కదా అందుకే వద్దంటోంది అనుకున్నాను నేను. అమ్మ ఎందుకో గోడవైపు తిరిగింది.

అవ్వ కోలుకుంది. ఆ తర్వాత కాణిపాకం ఎప్పుడు వెళ్ళినా ముందు సీటు ఆమెదే. "సామీ, అద్దం ముందర ధారాళంగా పొయ్యి" అని పూజారికి చెప్పేది. ఆ ఊరి పొలిమేర దాటగానే, "అబ్బోడా, గాలి ఆడ్డం లేదు, ఆ మూత తెయ్యి" అనేది. మార్గశిరం చలిలో, శాలువా కప్పుకుని కూడా అదే మాట. "ఈ చలిలో గాలెందుకవ్వా? కుంకుమంతా మీద పడతాది" అని నేను చదువుకున్నవాడిలా బోధించేవాణ్ణి. "పడితే పడనీలే, గమ్మున తెయ్యి" అనేది. చొక్కాలు పాడైపోతున్నాయని నాయన ఒకసారి ఆ మూతకు లోపల దోమల జాలీ బిగించాడు. ఆ రోజు మీట లాగితే ఉత్త గాలి వచ్చింది. అవ్వ నుదురు ఒకసారి చేత్తో తడుముకుని, వేళ్ళు చూసుకుని, ఇంటికొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. మర్నాడు అమ్మ వంటింటి కత్తితో ఆ జాలీ పీకేస్తుంటే ఎందుకని అడిగాను. "నీకు తెలీదులేరా" అంది. ఆ పూట అమ్మ, నాయన వెనకవాకిట్లో చాలాసేపు మాట్లాడుకున్నారు. అటుతర్వాత కాణిపాకం వెళ్ళే రోజున నాయన తెల్లచొక్కా వేసుకోగా నేను చూడలేదు. ఆయనకు ముదురు రంగుల మీద మోజు పుట్టిందనుకున్నాను. అంత తెలివైనవాణ్ణి.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. మొన్నీమధ్య పాత కార్లు కొని బాగుచేసుకునే ఒకాయన ఆ కారు కోసం వచ్చాడు. నేల మీది స్విచ్చి చూసి మురిసిపోయాడు, ముక్కోణపు అద్దాన్ని పదేపదే తిప్పాడు, బంపరు బొక్కలో వేలు పెట్టి చూశాడు. ఆఖరికి నల్ల పిడి లాగాడు. కీచుమని మూత లేచింది. ఎక్కడ దాక్కునుందో, చిటికెడు ఎర్రటి పొడి జారి ఆయన చేతి మీద పడింది.

"ఇదేందన్నా, తుప్పా? అసలీ మీట దేనికి?" అన్నాడు.

చెప్పడానికి నాకు చాలానే ఉంది. కానీ గొంతు దాకా వచ్చింది ఒకటే మాట.

"గాలికప్పా," అన్నాను. "మాయవ్వకు గాలి ఆడేది కాదు."

కారు ఇవ్వనని ఆయనకు చెప్పడానికి మళ్ళీ ఇంకో పూట పట్టింది.