డాక్టరు వేషం

వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే హాల్లో టీవీ నుంచి ఆ గొంతు వినపడింది. "పేషెంట్ తాలూకు ఎవరండీ?" నా చేతిలో కత్తి ఆగిపోయింది. రాఘవయ్యగారు పోయి రెండు చలికాలాలు గడిచాయి. గొంతు మాత్రం ఇంకా పాత సినిమాల్లో ఆపరేషన్ గది బయటే నిలబడి ఉంది.

ఆయన సినిమాల్లో చిన్న వేషాలు వేసేవారు. వేషాలు అన్నానుగాని, అన్నీ ఒకటే వేషం, డాక్టరు. సన్నని ముఖం, నెరిసిన కణతలు, ఎవరింట్లోనో చావు చూసి అప్పుడే వచ్చినట్టుండే కళ్ళు. ఆయన తలుపు తోసుకుని వచ్చి కళ్ళజోడు తీస్తే చాలు, నోరు విప్పకముందే థియేటర్లో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవారు. హీరోలు మారారు, డాక్టరు మారలేదు. "వేరే వేషం అడగలేదా?" అన్నానొకసారి. "అడిగానమ్మా. పెళ్ళికొడుకు తండ్రిగా నిలబెట్టారు. పెళ్ళిలో ఎవరు చస్తారా అని జనం ఎదురుచూశారట. మళ్ళీ పిలవలేదు," అన్నారు.

కెనడాలోని సార్నియా ఊళ్ళో ఆయన కొడుకుదీ మా అమ్మాయిదీ పక్కపక్క ఇళ్ళు. నేను కాలేజీ పిల్లలకు అన్నం డబ్బాలు కట్టేదాన్ని. పేర్లు రాయడం రాక డబ్బాలకు రంగు దారాలు చుడుతుంటే ఆయన చూశారు. అరవై దాటిన నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. నేను నొచ్చుకుంటానేమోనని తప్పును ఎన్నడూ బాగుందనలేదు. "తప్పు. మళ్ళీ రాయండి," అనేవారు. ఇప్పుడిది రాస్తున్నది ఆ చదువుతోనే.

అప్పట్లో ఊరు చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలతో నిండిపోయింది. ఒక్కో బేస్‌మెంట్‌లో మనిషి పక్కన మనిషి. బస్సులు తక్కువ, పనికి మంచులో నడిచే పోయేవారు. అలా పోతుండగానే జగిత్యాల వైపు నుంచి వచ్చిన, నా డబ్బా తినే సాయికిరణ్‌ను కారు గుద్దింది. అక్కడికక్కడే పోయాడు.

అతని రూమ్మేట్ ప్రణీత్ ఇంటికి ఫోన్ చేసి, మనవాళ్ళందరూ చెప్పేదే చెప్పాడు. కొంచెం సీరియస్‌గా ఉంది, ఐసీయూలో ఉన్నాడని. శవం ఇల్లు చేరేదాకా అలాగే నెట్టుకురావాలని పిల్లలంతా అనుకున్నారు. తల్లి ఊరుకోలేదు. "ఫోన్ వాని చెవికాడ పెట్టు బిడ్డా, నేను పిలిస్తే లేస్తడు," అంది. ప్రణీత్ ఏం చెయ్యాలో తోచక ఫోన్‌ను ఖాళీ దిండు మీద పెట్టాడు. ఆమె పిలుస్తూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలు ఎక్కడినుంచో ఒక తెల్లకోటు తెచ్చి రాఘవయ్యగారి ముందు పెట్టారు. నేనక్కడే ఉన్నాను.

"సాయికిరణ్ వాళ్ళమ్మ అన్నం ముట్టుకుంటలేదు అంకుల్. డాక్టర్‌తో మాట్లాడాలె అంటుంది. మీరొక్కసారి వీడియో కాల్‌లో ట్రీట్‌మెంట్ నడుస్తుందని చెప్పండి. బాడీ పోయేదాకా మేనేజ్ చేద్దాం," అన్నాడు ప్రణీత్.

"మేనేజ్ చెయ్యడానికి అదేమన్నా మీ వీకెండ్ షిఫ్టా?"

"ప్లీజ్ అంకుల్. ఈ రోల్‌కి మీకన్నా ఎవరున్నారు?"

ఆయన కోటు వేసుకోలేదు. ఫోన్ మాత్రం తీసుకున్నారు. ఆ ముఖం కనపడగానే తల్లి రెండు చేతులూ జోడించింది. "డాక్టర్ సారూ! మిమ్మల్ని చూస్తే పానం కుదుటపడ్డది. నా కొడుకు మంచిగైతడు కదా?"

"నేను డాక్టర్ని కాదమ్మా. సినిమాల్లో వేసేవాణ్ణి. నీ కొడుకు చనిపోయాడు. ఇక పిలవకు తల్లీ, అక్కడ ఎవరూ లేరు."

"నీ నోరు పడిపోను! నీకు కొడుకుల్లేరా?" అని ఆమె శాపనార్థాలు పెట్టింది. సినిమాలో ఆ మాట చెప్పగానే ఆయన పక్కకు తప్పుకునేవారు, కెమెరా ఏడ్చేవాళ్ళ మీదికి పోయేది. ఆ రోజు ఆయన కదల్లేదు. తిట్లన్నీ అయిపోయాక ఆమె అడిగింది. "పోయేముందు ఏమన్న తిన్నడా?"

ఆయనకు తెలియదు. నావంక చూశారు. తిన్నాడని అనేస్తే ఎంత తేలిక! ఫోన్ తీసుకుని, "లేదమ్మా. ఆ రోజు పొద్దున నేనిచ్చిన డబ్బా మూత తీయకుండానే ఉంది," అన్నాను.

అదైనా దాచి ఉండాల్సిందని మా అమ్మాయి ఇప్పటికీ నామీద విరుచుకుపడుతుంది. కావచ్చు. రాఘవయ్యగారు ఔననలేదు, కాదనలేదు. ఆ తల్లి ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు. నాకు మాత్రం ఫోన్ చేస్తూనే ఉంది. పోలీసులు ఏమన్నారు, వాడికి నొప్పి తెలిసిందా లేదా, ఎవరు ఏం చెప్పినా చివరికి నన్నే అడుగుతుంది. "నిజమేనా అక్కా?" తెలిసింది చెబుతాను. తెలియనిది తెలియదంటాను. ఆమె పెట్టేసేదాకా నేను ఫోన్ పెట్టను.