పదకొండు మంది చక్రవర్తుల చూపు

మా అయ్య రోమన్ చక్రవర్తులను గీసింది మలేసియాలో, క్లాంగ్‌ ఊళ్ళో, మా ఫ్లాటు వెనకాల బట్టలారేసుకునే వరండాలో. ఒకరూ ఇద్దరూ కాదు, పదకొండు మంది. అందరూ నడుము నుంచి పైకే ఉంటారు. ఒంటి మీద ఇనుప కవచం, తల మీద ఆకుల కిరీటం, చేతిలో ఏదో దండం. అప్పటికి అయ్యకు డెబ్బై నాలుగేళ్ళు, చూపున్నది ఒక్క కంటికే. ఆ పని ఆయనకు తెచ్చిపెట్టింది నేను. అందులో తప్పు చేసిందీ నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు కాస్త తేలిక.

అయ్య సుంగై సిపుట్‌లో బోర్డులు రాసి మమ్మల్ని పెంచాడు. దుకాణాల బోర్డులు, లారీ తలుపులు, బడి గోడలు, ఏది దొరికితే అది. చైనా అక్షరాలు ఒక్కటి కూడా చదవలేడు, కానీ కాగితం మీద రాసిచ్చినవి గోడ మీద ముత్యాల్లా దింపేవాడు. అయితే ఆయనకు పేరొచ్చింది బోర్డులతో కాదు, చనిపోయినవాళ్ళ పటాలతో. రబ్బరు ఎస్టేటు జనానికి అప్పట్లో ఫోటోలెక్కడివి? గుర్తింపు కార్డు మీద గోరంత ఫోటో, అంతే. ఎవరైనా పోతే ఇంటివాళ్ళు ఆ కార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళు. హిందువులూ వచ్చేవాళ్ళు, మా చర్చివాళ్ళూ వచ్చేవాళ్ళు. అయ్య ఆ గోరంత ముఖాన్ని గోడకు తగిలించేంత పటంగా గీసి ఇచ్చేవాడు.

అందులో ఆయనకో పద్ధతి ఉండేది. ముఖమంతా పూర్తిచేసి కళ్ళు మాత్రం ఖాళీగా వదిలేసేవాడు. అప్పుడు ఇంటివాళ్ళకు కబురు పెట్టేవాడు. పెళ్ళామో, పెద్ద కొడుకో వచ్చి పటానికి ఎదురుగా నిలబడాలి. వాళ్ళను చూసుకుంటూ కళ్ళు వేసేవాడు. కార్డులో మనిషి ఎటు చూస్తున్నా సరే, అయ్య పటంలో మాత్రం నేరుగా ఎదుటివాళ్ళనే చూసేవాడు.

ఒకసారి ఎవరో అడిగారు, కార్డులో చూపు ఇలా లేదు కదా అని. “కార్డులో ఎటు సూస్తే మనకేటి? సచ్చిపోయినోడు ఇంట్లోవోళ్ళని సూడాల. సూడకపోతే ఆ పటం ఎందుకు, గోడకి బరువు,” అన్నాడు అయ్య. అడిగినాయన కళ్ళు తుడుచుకుని పటం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తరువాత మిషన్ల మీద బ్యానర్లు అచ్చువేయడం వచ్చింది, అయ్య చేతిలో పని పోయింది. ఇరవై ఏళ్ళుగా నేను ఉద్యోగం చేస్తున్నది అలాంటి మిషన్ల దుకాణంలోనే. ఆ మాట ఆయన నన్ను ఒక్కసారి కూడా అనలేదు. నాకు నేనే అనుకుంటూ ఉంటాను. అమ్మ పోయాక ఆయన్ని క్లాంగ్ తీసుకొచ్చాను. అప్పటికే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బుతో ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి రోజుకు రెండు పూటలా నేనే చుక్కలు వేసేదాన్ని. చుక్క పడగానే కన్ను మూసుకుని, “ఇదొకటి ఉంది సాలు. ఇది కూడా పోతే నేను మనిసిని కాదు, సామానుని,” అనేవాడు. నవ్వుతూనే అనేవాడు కానీ ఆయనకున్న భయమల్లా అదొక్కటే. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

మా దుకాణానికి మెనూ బోర్డులు చేయించుకోవడానికి వచ్చే ఒకాయన ఇటలీ భోజనాల రెస్టారెంటు పెడుతున్నాడు. పొడుగాటి గోడ ఒకటుంది, దాని నిండా రోమన్ చక్రవర్తులు కావాలన్నాడు. నల్లగా గీతలతో అచ్చేసిన పాత బొమ్మల నకళ్ళు పదకొండు నా టేబుల్ మీద పరిచి వాటి కథ చెప్పాడు. ఐదు వందల ఏళ్ళ కిందట, పునరుజ్జీవన కాలంలో, ఇటలీలో ఒక గొప్ప చిత్రకారుడు వీటిని ఒక ప్రభువు భవనం కోసం గీశాడట. ఆయనేమీ చక్రవర్తులను చూడలేదు, పాత నాణేలు, రాతి విగ్రహాలు చూసి గీశాడు. ఆ పటాలు ఒక రాజు చేతి నుంచి ఇంకో రాజు చేతికి పోయి, చివరికి స్పెయిన్‌లో భవనంతో పాటు కాలిపోయాయి. ఇప్పుడు లోకంలో ఉన్నవన్నీ వాటిని చూసి వేరేవాళ్ళు గీసినవే. మిషన్ మీద వేస్తే మాకది సగం పూట పని. కానీ ఆయనకు కుంచె పని కావాలట. మా అయ్య గీస్తాడని నా నోటి నుంచి వచ్చేసింది.

అయ్య ఆ కాగితాలను కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాడు.

“ఈళ్ళందరూ సచ్చిపోయినోళ్ళే గదా?”

“రెండు వేల ఏళ్ళయిందయ్యా.”

“అయితే నా పనే,” అన్నాడు.

ఆ పని సాగిన ఐదు నెలలూ మా ఇంట్లో మనిషి అలికిడి ఉండేది. వరండాలో టర్పెంటైన్ వాసన, అయ్య ఈల. అన్నం అడిగి మరీ పెట్టించుకునేవాడు. మూడో పటంలోని చక్రవర్తి కాలంలోనే యేసు ప్రభువును సిలువ వేశారని చర్చిలో ఎవరో చెప్పినప్పుడు మాత్రం రెండు రోజులు కుంచె ముట్టలేదు. మూడో రోజు తనే సర్దిచెప్పుకున్నాడు. “ఆడినీ గీస్తానమ్మీ. ఆడే ముందు మన కళ్ళలోకి సూడాల. సూడనీ, సిగ్గుతో సావనీ.” పాపం, ఆ చక్రవర్తికి మా వరండాలో మిగతా అందరికంటే ఎక్కువ తిట్లు పడ్డాయి.

కళ్ళు వేసే రోజు వచ్చినప్పుడల్లా నన్ను పిలిచేవాడు. “ఈళ్ళకి ఇంటోళ్ళు లేరు గదా. నువ్వు నిలబడు.” పదకొండు శనివారాలు బట్టల తీగ కింద నిలబడ్డాను. కాగితంలో ఒకడు పైకి చూస్తున్నాడు, ఒకడు భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. అయ్య చేతిలో అందరూ నన్నే చూశారు. ఆ తేడా నేను మొదటివాడి దగ్గరే గమనించాను. అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది. కానీ పెళ్ళీ పెటాకులూ లేకుండా యాభై దాటినదాన్ని, నన్ను అంత తేరిపార చూసినవాళ్ళు లేరు. నాకు బాగుండింది, ఊరుకున్నాను.

పటాలు గోడకెక్కిన వారానికి రెస్టారెంటాయన ఫోన్ చేసి మలయ్‌లో అన్నాడు: “అక్కా, పని చాలా బాగుంది. కానీ వీళ్ళందరూ రేపు తినడానికి వచ్చేవాళ్ళ ప్లేట్లలోకే చూసేట్టున్నారు. మా పనివాళ్ళు అటు వైపు బల్లలు తుడవడానికే భయపడుతున్నారు.” వెళ్ళి చూశాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు. చావింట్లోకి అడుగుపెట్టినట్టుంది. రెస్టారెంటు అలంకరణ చూసే అమ్మాయి కాగితాలు పటాల పక్కన పెట్టి, అసలు బొమ్మల్లో చూపు ఎటుందో వేలితో చూపించింది. ఇంకో రెండు వారాల్లో ప్రారంభం. కళ్ళు మార్చాలి, లేదంటే పటాలు దింపేస్తారు.

ఇంటికొచ్చి అయ్యతో చెప్పాలనే అనుకున్నాను. ఆయన చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు, ప్రారంభానికి వేసుకోవడానికి. ఆ చొక్కా చూశాక చెప్పడం మానుకున్నాను. కళ్ళు మార్చమంటే మార్చడు, దింపెయ్యమంటాడు. దింపేస్తే మళ్ళీ వరండాలో ఖాళీగా కూర్చుంటాడు. ఇవన్నీ నిజమే గానీ, రెస్టారెంటాయన ముందు మాట పోతుందన్న నా సిగ్గు కూడా అందులో ఉంది. దాన్ని అయ్య మీద ప్రేమ కింద కప్పిపెట్టుకున్నాను.

రెండు ఆదివారాలు, అయ్యను చర్చిలో తెలుగు ఆరాధనకు తీసుకెళ్ళే వ్యాను ఎక్కించి, నాకు దుకాణంలో పనుందని చెప్పి రెస్టారెంటుకు వెళ్ళాను. ఆయన కుంచెలే సంచిలో వేసుకెళ్ళాను. నిచ్చెన మీద నిలబడి ఒక్కొక్కరి కంటిపాపను పక్కకు జరిపాను. తెల్లగుడ్డు సరిచేశాను, కాగితంలో ఎటుంటే అటు తిప్పాను. చిన్నప్పటి నుంచి రంగులు కలిపిచ్చినదాన్ని, ఆయన చేయి ఎలా తిరుగుతుందో నాకు తెలుసు. ఎక్కడా అతుకు కనబడనంత బాగా చేశాను. పదకొండోవాడి రెండో కన్ను తిప్పేశాక నిచ్చెన దిగి చూస్తే గోడ మీద ఎవరి చూపులోనూ నేను లేను. ఏడుపొచ్చింది. అక్కడే బల్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చి, కుంచెలు కడుక్కుని వచ్చేశాను.

ప్రారంభం రోజు రద్దీగా ఉంటుందని అయ్యను ఆపగలిగాను. ఆ తరువాతి వారం రెస్టారెంటాయనే మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. ఇక ఆపడానికి సాకు దొరకలేదు.

అయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు, నేరుగా గోడ దగ్గరికి వెళ్ళాడు. మొదటి పటం ఎదురుగా నిలబడ్డాడు. ఒక అడుగు కుడికి జరిగాడు, మళ్ళీ ఎడమకు జరిగాడు. రెండోదాని దగ్గరికి వెళ్ళి అదే చేశాడు. తల వంచి చూశాడు, మెడ ఎత్తి చూశాడు. ఎక్కడ నిలబడితే ఆ కళ్ళు తన మీద పడతాయో వెతుక్కుంటున్నాడని నాకు అర్థమైంది. అలా పదకొండు పటాల ముందూ నిలబడి చివరిదాని దగ్గర ఆగి, కుడి కన్ను గట్టిగా నులుముకుని మళ్ళీ చూశాడు. రెస్టారెంటాయన నా పక్కనే చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

“అమ్మీ, ఇలా రా,” అన్నాడు అయ్య. “నిజం సెప్పు. ఈళ్ళు నిన్ను సూస్తన్నారా?”

లేదయ్యా, నేనే తిప్పేశాను అంటే అయిపోయేది. తిట్టేవాడు, నెల రోజులు మాట్లాడేవాడు కాదేమో. ఆ తరువాత మాట్లాడేవాడు.

“సూస్తన్నారయ్యా,” అన్నాను.

“అందరూ?”

“అందరూ.”

“అయితే పోయింది నా కన్నే,” అన్నాడు నెమ్మదిగా. చెయ్యి చాపి నా మోచెయ్యి పట్టుకున్నాడు. అప్పటిదాకా ఎవరి చెయ్యీ పట్టుకుని నడిచిన మనిషి కాదు. బల్ల దగ్గర తన ప్లేటులో ఏముందని నన్నడిగాడు, నేను చెప్పాను.

ఆ నెలలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్ష చేశారు. డాక్టరమ్మ కాగితం చూసి, పోయినసారి ఎలా ఉందో అలాగే ఉంది, ఏమీ తగ్గలేదు, భయపడొద్దు అని రెండుసార్లు చెప్పింది. అయ్య మర్యాదగా తలూపాడు. బయటికొచ్చాక, “ఆ అమ్మ మిషన్ని సూసింది. నేను నా బొమ్మల్ని సూసినాను,” అన్నాడు. కుంచెలు చర్చిలో ఎవరికో ఇచ్చేశాడు.

చెప్పేయాలని రోజూ అనుకుంటాను. ఎన్ని రోజులు గడిస్తే అంత కష్టమవుతుంది. అయ్య ఇప్పుడు నా భుజం మీద చెయ్యి వేసుకుని నడుస్తున్నాడు. ఫ్లాటు కింద మెట్ల దగ్గర ఆగుతాడు. ఆ మెట్లు ఆయనకు బాగానే కనబడతాయి.

“మెట్టుందా అమ్మీ?” అని అడుగుతాడు.

“ఉందయ్యా,” అంటాను.