తొందరేం లేదు అనే ఇల్లు

మా ఇంటి ఓనరు బాబాయ్ ఎవరినీ వాక్యం పూర్తిచేయనిచ్చేవాడు కాదు. మీరు మొదలుపెడితే చాలు, మిగతాది ఆయనే పూర్తిచేసేవాడు. అదీ తప్పుగా.

"బాబాయ్, పైన ట్యాంకు మీద..."

"కారుతోంది! తెలుసు. ప్లంబరుకి ఇప్పుడే చెప్పేస్తా."

ట్యాంకు కారడం లేదు. దాని మీద ఆరేసిన ఆయన చొక్కా ఎగిరి పక్కింటి మేడ మీద పడిందని చెప్పబోయాను. ప్లంబరు వచ్చి, బాగున్న ట్యాంకుని ఊడదీసి, నిజంగానే కారేలా చేసి వెళ్లాడు.

"చూశావా, నే చెప్పలా?" అన్నాడు బాబాయ్.

బస్సు డిపోలో టైమ్‌కీపరుగా పనిచేసి రిటైరయ్యాడు కానీ, ఆ తొందర మాత్రం రిటైరవలేదు. సినిమాకి ముందు ఆట నడుస్తుండగానే వెళ్లి, చివరి ఫైటింగు చప్పుళ్లు గోడ బయట నుంచి విని, లోపల కూర్చోగానే పక్కవాడికి ముగింపు చెప్పేసేవాడు. ఫొటో దిగితే "నవ్వండి" అనేలోపే నవ్వేసి లేచిపోయేవాడు. అందుకే ఆ ఇంట్లో ప్రతి ఫొటోలోనూ పిన్ని పక్కన ఒక మసక ఉండేది. ఆ మసకే బాబాయ్.

అలాంటి మనిషి ఇంటి గేటు మీద, రాతి పలకలో లోతుగా చెక్కించిన పేరు: "తొందరేం లేదు". మొగుడూపెళ్లాలు ఏరికోరి పెట్టుకున్న పేరట! గ్యాస్ బండ తెచ్చినవాడు అది చదివి నిదానంగా దింపబోతే, బాబాయ్ బండని తనే దొర్లించుకుపోయాడు. వీధి వీధంతా నవ్వింది.

నేను నవ్వలేదు. పైగదిలో అద్దెకుంటున్న నాకు అప్పట్లో లోకమంతా మోసంలాగే కనబడేది. కాలేజీ గడప తొక్కలేదు, చదివిందంతా లైబ్రరీలోనే. ఇంటర్వ్యూల్లో నా జవాబు సగంలో ఉండగానే "సరే, వెళ్లండి" అనేవాళ్లు. మాట మధ్యలో తెంపేవాణ్ణి చూస్తే ఒళ్లు మండేది. ఆ పలక పచ్చి అబద్ధమని తేల్చేశాను. ఒకరోజు అడిగేశాను కూడా.

"బాబాయ్, ఇంటికి ఈ పేరు ఎందుకు..."

"చెరిగిపోతోందా? రంగు వేయిస్తా!"

పిన్నిని అడగడానికి మొహమాటం. ఆవిడకి నత్తి. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసేది. ఆసుపత్రి కుట్టుగదిలో చిరిగిన దుప్పట్లూ, ఆపరేషన్ గౌన్లూ కుట్టడానికి మాటలతో పనిలేదు కాబట్టి ఉద్యోగమంతా దాదాపు మౌనంగానే గడిచింది. రిటైరయ్యే రోజు దగ్గరపడ్డాక సూపరింటెండెంటు పిలిచి, "మీకెందుకమ్మా శ్రమ, మీ తరఫున నేనే రెండు ముక్కలు మాట్లాడేస్తాలే" అన్నాడట.

ఆ సాయంత్రం పిన్ని మేడ మీద తీగకున్న బట్టలు తీస్తూ నాతో అంది: "నే... నేనే మాట్లాడతా. ఇన్నేళ్లూ నా త... తరఫున అందరూ మాట్లాడారు. చివరిరోజైనా నా మాట నే చె... చెప్పుకోవద్దూ?"

"తప్పకుండా చెప్పాలి పిన్నీ. మరి బాబాయ్ కూడా వస్తారుగా? మధ్యలో దూరేస్తే?"

పిన్ని నవ్వు ఆపుకుంటూ నావైపు చూసింది. "ఆ... ఆయనా?" అంది. అంతే. బట్టలు తీసుకుని దిగిపోయింది.

సభ ఆసుపత్రి భోజనాల హాల్లో. బాబాయ్ మమ్మల్ని ఎంత ముందు లాక్కెళ్లాడంటే, అప్పటికింకా నేలకి తడిగుడ్డ పెడుతున్నారు. కాళ్లు పైకెత్తుకుని కూర్చున్నాం.

పిన్ని వంతు వచ్చింది. మైకు పట్టుకుంది. "నా..." అని ఆగిపోయింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో దగ్గారు.

సూపరింటెండెంటు లేచాడు. "నా తోటివారికి ధన్యవాదాలు అంటున్నారు. అంతేగా అమ్మా? ఇక మనం..."

"ఫ్యాను ఆపేద్దాం!" బాబాయ్ ఎప్పుడు లేచాడో, ఆయన పక్కన తేలాడు. "ఒకటే రొద!"

"అది కాదండీ, టైము..."

"టైముకి నూనె వేస్తే ఇలా అరవదు! నిజమే!"

"నేననేది ఏంటంటే..."

"కూర్చుని విందామంటారు! కూర్చోండి మరి!" అంటూ భుజాలు పట్టి కూర్చోబెట్టేశాడు.

తర్వాత తనూ కూర్చున్నాడు. వాచీ విప్పి జేబులో వేసుకున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని పిన్ని వైపు చూస్తూ ఉండిపోయాడు. కదల్లేదు. ఆవిడ పెదవుల మీద మాట ఆగినప్పుడల్లా, అది ఏ మాటో తెలిసి కూడా అందించలేదు. అప్పుడు ఫొటో తీసుంటే ఆ మసకలోని మనిషి స్పష్టంగా పడేవాడు.

పిన్ని చెప్పింది ఇది. మధ్యలో ఆగిన చోట్లు మీరే ఊహించుకోండి:

"నా పెళ్లి బస్టాండులో కుదిరింది. రోజూ నేనెక్కే బస్సుకి ఈయన టైమ్‌కీపరు. ఒకరోజు బస్సు కదిలే వేళకి కిటికీ దగ్గరకొచ్చి, నన్ను పెళ్లి చేసుకుంటారా అన్నారు. నాకు ఇష్టమే. సరే అందామంటే మాట రాదు. డ్రైవరు హారను కొడుతున్నాడు. ఈయన చెయ్యెత్తి బస్సు ఆపేసి, తొందరేం లేదండీ, మీరు చెప్పాకే కదులుతుంది అన్నారు. జనం ఒకటే గోల. ఎవరు నోరు తెరిస్తే వాళ్ల మాట ఈయనే పూర్తిచేసి నోళ్లు మూయించారు. నా మాటొక్కటే నాకు వదిలేశారు. సరే అన్నాను. ఈయన డ్యూటీలో లేటుగా కదిలిన బస్సు అదొక్కటే. డిపోవాళ్లు సంజాయిషీ కూడా అడిగారు. అదే మాట ఇంటికి పెట్టుకున్నాం."

ఆవిడ నవ్వింది. "బస్సు వెళ్లిపోయింది కానీ, నోళ్లు మూయించే అలవాటు మాత్రం ఈయనకి ఉండిపోయింది."

హాలంతా నవ్వులు, చప్పట్లు. అందరికంటే ముందు చప్పట్లు మొదలెట్టింది బాబాయే. అందరికంటే ముందు ఆపి లేచిందీ ఆయనే.

"పదండి పదండి! బస్సు!"

మెట్ల మీద ఆయన వెనక పరుగెత్తాను. "బాబాయ్, మీరు చాలా..."

"లేటు చేశానా? నడు నడు!"

ఈసారీ తప్పే. దిద్దుదామని నోరు తెరిచాను. వెనక నుంచి పిన్ని నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ముందు పరుగెడుతున్న ఆ చొక్కాని చూస్తూ, మాట వచ్చేదాకా నిలబడి, అంది:

"త... తర్వాత చెబుదువుగాని. తొందరేం లేదు."