ఎడమ కాలు అక్కరలేని కారు

బయ్యారం గుట్టల్లో ఇనుపరాయి ఉందని లోకమంతటికీ తెలుసు. హీర్యా లారీ ఆ దారిన పోతుంటే గుట్ట కూడా వెంట కదిలేదని మాత్రం నాకొక్కడికే తెలుసు. నమ్మనివాళ్లు వెళ్లి చూసుకోవచ్చు, గుట్ట ఇప్పుడున్న చోటు పాత చోటు కాదు. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చినవాణ్ని, ఇంతకన్నా రుజువులు నా దగ్గర ఉండవు.

హీర్యాది బయ్యారం పక్క తండా. కేసముద్రం మార్కెట్ యార్డు నుంచి మక్కలు, పత్తి మోసే లారీకి డ్రైవరు. నాది అదే యార్డులో కాంటా దగ్గర పని. ఒక వానాకాలం మక్కల బస్తాల వరస కూలి అతని ఎడమ మోకాలి మీద పడింది. దవాఖానలో ఎముక అతికింది గానీ మడత పోయింది. కాలు కర్రలా బిగిసింది. క్లచ్చు తొక్కలేనివాడి చేతికి లారీ ఎవరిస్తారు?

అప్పటి నుంచి యార్డు గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే లారీల చప్పుడు వినేవాడు. ఎవడైనా గేరు మొరటుగా వేస్తే, తన బిడ్డను గిచ్చినట్టు ముఖం చిట్లించేవాడు.

"హీర్యన్నా, పెండ్లి లారీలది, తిప్పలు నీయి," అని ఆటపట్టించేవాణ్ని.

"నవ్వు ఎల్లేశం, నవ్వు. నీకేం ఎరిక. చేతులు ఊకుంటలెవ్వు," అనేవాడు.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోలు దాటడం మానేశాయి. మా యార్డులో కమీషన్ వ్యాపారి వెంకటేష్ సేటు పట్నంలో ఎవరో అమ్ముతున్నారని పాత కారు ఒకటి కొని తెప్పించాడు. ఆయనకు నడపడం రాదు. హీర్యాను పిలిచి తలుపు తీసి చూపించాడు.

హీర్యా లోపలికి వంగి చూశాడు. "ఇంకోటి ఏది సేటూ? క్లచ్చు ఊడగొట్టిండ్రా?"

"పుట్టుకతోనే లేదు. గేర్లు దానంతటదే చూసుకుంటదంట. నీ ఎడమకాలుకు పనే లేదు. నడుపుతవా?"

హీర్యా ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకుని ఎంతసేపటికీ తాళం తిప్పలేదు.

"అన్నా, ఫొటో దిగుతున్నవా?" అన్నాను.

"జర ఆగు," అన్నాడు. ఆ గొంతు విని నా నోరు మూతపడింది. నా నోరు మూతపడటం యార్డు చరిత్రలో అదే మొదలు.

ఆ కారుకు అతను చేసిన సేవ పెండ్లికొడుక్కు కూడా ఎవరూ చేయరు. పొద్దున్నే అద్దాలు తుడుస్తుంటే భార్య మోతీ, "నా మొకం దిక్కు గింత శ్రద్ధగ ఎన్నడన్న సూసినవా?" అని అడిగింది. "నీకు స్టీరింగు లేదు గద," అన్నాడు. ఆ పూట అతనికి రొట్టె దొరకలేదు.

భూపాలపల్లిలో సేటు అక్క సరోజనకు ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. బయలుదేరాం. దారిలో బండ్లు ఆపే సమ్మెవాళ్లతో మాట్లాడటానికి నా నోరు అవసరమని నన్నూ ఎక్కించారు. చిట్యాల దగ్గర రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు జరుగుతోంది. అక్కడికి బియ్యం, వంట గంజులు తెస్తున్న ట్రాలీ ఆటో ఒకటి పక్కకు జారి నల్లరేగడి బురదలో కూరుకుపోయింది. హీర్యా కారు ఆపాడు.

"గిది కారు హీర్యా, లారీ కాదు," అన్నాడు సేటు.

"బురదల బండి కనవడ్డంక తాడు ఏయకుండ పోతే నేనేం డ్రైవర్ను సేటూ?"

లారీ డ్రైవర్ల ధర్మం అది. తాడు కట్టాడు. ఆడవాళ్లు వెనక నుంచి తోశారు. ఇంజను అరిచిన అరుపు రామప్ప దాకా వినపడింది; నేనైతే కాళేశ్వరం దాకా అని చెబుతుంటాను. ఏదో మాడిన వాసన వచ్చింది. ఆటో బయటపడింది. జై తెలంగాణ అని అందరూ అరిచారు. రోడ్డు మీదే కూర్చుని అన్నం తిన్నాం, సేటుతో సహా.

చిట్యాల దాటాక కారు మారిపోయింది. తొక్కితే ఇంజను అరుస్తోంది, వేగం రావడం లేదు. ఈడ్చుకుంటూ సరోజనమ్మ ఇంటికి చేరాం. తర్వాత కారును లారీ మీద హనుమకొండ షెడ్డుకు పంపాల్సి వచ్చింది.

అక్కడి మెకానిక్ నరేందర్ నూనె తీసి వాసన చూశాడు. "గేరు పెట్టెల పిండిగిర్ని బెల్టు తీరుగ ఒక ఉక్కు పట్టా ఉంటది. సాఫు రోడ్డు మీద నడిపి, టైముకు నూనె మారిస్తే ఏండ్లకేండ్లు పోతది. దీని మొదటి ఓనరు నూనె మార్చనే లేదు. మీరు దీంతోటి ఆటోను గుంజిండ్రు. పట్టా జారింది, దాన్ని తిప్పే చక్రాలు గీసుకపోయినయి."

"పట్టా ఒక్కటి మారిస్తే కాదా?" అన్నాడు హీర్యా.

"దాన్ని ఇప్పేటోడు ఈడ ఎవ్వడు లేడన్నా. పెట్టెకు పెట్టె పట్నంకెళ్లి తెప్పియ్యాలె. సేటు కారు కొన్న ధరల సగం దాటుతది. మల్ల గది ఎన్నొద్దులుంటదో నేను చెప్పలేను."

సేటు కోప్పడలేదు. "పాత సామానుకు ఇచ్చేస్త హీర్యా. గేర్ల జీపు కొంట. ఏమనుకోకు."

"ఏమనుకుంట సేటూ. అక్కను చూసినవు గద," అన్నాడు హీర్యా.

కారు అప్పజెప్పే రోజు నన్ను తోడు తీసుకుపోయాడు. షెడ్డు ఉన్న సందు చివరే పాత సామాను దుకాణం. "నెట్టుకపోతం" అన్నారు దుకాణం వాళ్లు. హీర్యా ఒప్పుకోలేదు, తనే ఎక్కాడు. కారు కదిలింది. నేను పక్కనే నడిచాను, దాన్ని దాటిపోకుండా అడుగులు ఆపుకుంటూ. సందు మధ్యలో చిన్న ఎత్తు ఉంది. ఇంజను అరిచింది, చక్రాలు తిరగలేదు. హీర్యా తాళం తిప్పి ఆపేశాడు. చేతులు మాత్రం స్టీరింగు మీదే ఉన్నాయి.

"నువ్వు పో ఎల్లేశం. నేను జర సేపు కూసుంట."

నేను అటువైపు తలుపు తీసి పక్కన కూర్చున్నాను.

"యాడిదాకా పోతున్నమన్నా?"

అతను నా వైపు చూడలేదు. అద్దంలోంచి ముందుకే చూస్తున్నాడు. "పట్నం," అన్నాడు.

"జనగామల చాయ్ తాగుదామా?"

"తాగకుంట ఎట్ల పోతం."

స్టీరింగును వేలెడంత ఎడమకు తిప్పాడు, మళ్లీ సరిచేశాడు. ఎదురుగా ఎవరికో దారి ఇచ్చినట్టున్నాడు. ఈలోగా దుకాణం మనిషి వచ్చి అద్దం మీద కొట్టాడు.

"అన్నా, దిగుతవా? నెట్టాలె."

"రఘునాథపల్లి దాటినం," అన్నాడు హీర్యా, రోడ్డు మీది నుంచి చూపు తీయకుండా. "జర జనగామ రానియ్యి."