సువార్తమ్మత్త ఇంటిమీద గుమ్మడికాయ

మొన్న మా వీధి చివరి కూరల దుకాణంలో అడుగు పెట్టేసరికి గుప్పున గుమ్మడికాయ వాసన కొట్టింది. అప్పుడే కోసిన మంచి గుమ్మడికాయ వాసన తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పలేను. కొంచెం పచ్చిగడ్డి, కొంచెం తడిమట్టి, వాటి వెనకాల ఎక్కడో సన్నగా తీపి. దుకాణం ఆవిడ కాయని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, గింజలన్నీ గీకి చెత్తబుట్టలో పడేస్తోంది. ఏ ముక్క కావాలని అడిగితే చూపించాను. ఆవిడ నా చెయ్యి చూసి నవ్వి, "అదేంటమ్మా, వేలు మడిచి చూపిస్తున్నారు?" అంది. నలభై ఏళ్ళు దగ్గర పడుతున్నా నాకీ అలవాటు పోలేదు. చెత్తబుట్టలో గింజలు అడిగి, పొట్లం కట్టించుకుని ఇంటికొచ్చి, వంట సంగతి తర్వాత చూసుకోవచ్చులే అని ఇది రాయడానికి కూర్చున్నాను.

మాది రాజోలు దగ్గర ఒక చిన్న పేట. కాలవ గట్టు మీద మందిరం, అంటే మా చర్చి, దాని చుట్టూ ముప్పై నలభై ఇళ్ళు, ఇళ్ళ మధ్య గోడలుండేవి కావు, కొబ్బరాకులు అల్లిన దడులే. దడికి అటు వండిన కూర వాసన ఇటు, ఇటు జరిగిన పోట్లాట అటు వెళ్ళిపోయేవి. వానాకాలమంతా నానబెట్టిన కొబ్బరి పీచు వాసన, పేడకళ్ళాపి వాసన, ఆదివారం తెల్లారేసరికి మందిరం మైకులో అరిగిపోయిన క్యాసెట్టు పాటలు. ఇప్పటికీ ఈ మూడూ కలిస్తేనే నాకు ఊరు. అందరు పిల్లలకీ క్రిస్మస్ పెద్ద పండగ. నాకు మాత్రం కొత్త సంవత్సరం వెళ్ళాక, నూర్పిళ్ళయ్యాక వచ్చే కోతల పండగ.

అబ్బ, ఏం పండగండీ అది! ఆ ఆదివారం ప్రతి ఇంటివాళ్ళూ తమ చేతిమీద పండింది ఏదో ఒకటి మందిరానికి పట్టుకొచ్చేవారు. అరటి గెలలు, చెరుకు గడలు, గంపల్లో కొత్త బియ్యం, మట్టి వదలని కంద దుంపలు, బాతు గుడ్లు, కాళ్ళు కట్టేసిన కోడిపెట్టలు; ప్రార్థన మంచి పట్టుమీద ఉండగా ఆ కోడిపెట్టలు గొంతెత్తేవి, బిందెలో ఎవరో తెచ్చిన బతికున్న కొరమీను ఒక్కసారి ఎగిరి ముందు వరస ఆడవాళ్ళ చీరల మీద నీళ్ళు జల్లేది, మేం పిల్లలం నోట్లో గౌను అంచు కుక్కుకుని నవ్వేవాళ్ళం. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఒక్కొక్క కానుకా ఎత్తి "ఇదెవరి చేతి కష్టమండీ?" అని అడిగితే తెచ్చినవాళ్ళు లేచి పేరు చెప్పాలి. ఆ తర్వాత పెద్ద పెద్ద డేగిశాల్లో వంట. ఆ ప్రేమవిందులో అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది గుమ్మడికాయ దప్పళం. ములక్కాడ, చిలగడదుంప, ఉల్లిపాయలు, చింతపండు, బెల్లం వేసి కట్టెల పొయ్యిమీద ఉడుకుతుంటే ఆ వాసన కాలవ అవతలి గట్టు దాకా వెళ్ళేది.

నాకు పదో ఏడు నడుస్తున్నప్పుడు, ఆషాఢం జల్లులు మొదలవగానే, అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, సండే స్కూల్లో పిల్లలకి తలా మూడు గుమ్మడి గింజలు పంచింది. మొదటి గింజ పేరు న్యాయం, రెండోది కనికరం, మూడోది వినయం. దేవుడు మనిషి దగ్గర కోరేవి ఈ మూడేనని, పండగనాటికి ఎవరి పాదు ఏం కాసిందో చూద్దామని చెప్పింది. ఇక చూడండి, వారం తిరిగేసరికి పేటంతా ఒకటే గోల. ఒకడు "మా న్యాయాన్ని కోడి తినేసిందండి" అంటాడు. ఇంకొకత్తె "మా వినయం కుళ్ళిపోయిందండి" అని ఏడుస్తుంది. అమ్మగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వలేక చచ్చేది.

నేను మూడు గింజలూ దడి వారన ఒకే గోతిలో పేడా బూడిదా వేసి పెట్టాను. ఒక్కటే మొలిచింది. అది న్యాయమేనని పేటంతా చాటాను. ఎందుకంటే న్యాయమంటే నాకు ప్రాణం. అంటే, ఇతరుల విషయంలో. ఎవడు పలక బలపం కొట్టేశాడో, ఎవత్తె ప్రార్థనలో కళ్ళు తెరిచిందో, ఎవరు కునికిపాట్లు పడ్డారో నేను లేచి నిలబడి, చెయ్యి చాచి, వేలు పెట్టి మరీ చూపించేదాన్ని. మా తాతయ్య సంఘపెద్ద కావడంతో నాకు ఇంకాస్త పొగరు. ఆ కునికిపాట్ల జాబితాలో ఆ ఏడు ఆశ్వయుజం నుంచీ మొదటి పేరు మా దడికి అవతలింటి సువార్తమ్మత్తదే.

సువార్తమ్మత్త మాకు చుట్టం కాదు, పేటలో వరసలు అలా కలుపుకోవడమే. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఒంటి నిట్టాడి గుంజ మీద నిలబడ్డ తాటాకింట్లో ఉండి, పొద్దస్తమానం పీచుతో తాళ్ళు పేనుకునేది. మా గుమ్మడి పాదు భాద్రపదానికి దడెక్కింది, ఆశ్వయుజానికి అత్త ఇంటి కప్పెక్కింది. ఆకులు చేటలంత, పువ్వులు పసుపుముద్దల్లా. పువ్వుల్లోంచి తుమ్మెద బయటికి రావడం చూడ్డానికి నేను పళ్ళు తోముకోకుండానే పరిగెత్తేదాన్ని. మొదటి పిందె అత్త ఇంటిమీదే పడింది. సంతోషం పట్టలేక చెయ్యి చాచి చూపించబోతే మా మామ్మ నా వేలు పట్టుకుని లోపలికి మడిచేసింది.

"వేలెట్టి చూపించకే పిల్లా, పిందె కుళ్ళిపోద్ది. ఏలు ముడుచుకుని చూపించు," అంది.

దీనికి బైబిల్లో ఎక్కడా ఆధారం లేదు, అయ్యగారు అడిగితే మామ్మ అన్నాననీ ఒప్పుకోదు, కానీ పేటలో ప్రతి ఇంటా ఇదే శాసనం. ఆ రోజునుంచీ నేను వేలు మడిచే చూపించాను, చూసిన ప్రతివాళ్ళ చేతా మడిపించాను. పిందె బుడ్డయింది, బుడ్డ బానయింది, క్రిస్మస్ నాటికి ఎర్రటి ముదురు కాయ అయి కూర్చుంది. మలికిపురం సంతలో కూడా అంత కాయ లేదని తాతయ్య అన్నాడు. సువార్తమ్మత్త దాని కింద ఎండుగడ్డి చుట్ట కుదుర్లా పెట్టింది, జారిపోకుండా తాను పేనిన తాడుతోనే వాసానికి కట్టింది. "నీ కాయ నాకు కాపలా ఉందే రూతమ్మా," అనేది. అయ్యగారు ఆ కాయ ఎత్తి ఎవరిదని అడగడం, నేను లేవడం, జనం నోళ్ళు వెళ్ళబెట్టడం రోజుకి పదిసార్లు కళ్ళముందు చూసుకునేదాన్ని.

పండగ ఇంకో వారం ఉందనగా, ఆదివారం పొద్దున్న లేచి చూస్తే కప్పుమీద కాయ లేదు.

ముందు దడి సందులోంచి అత్తని పిలిచాను, పలకలేదు. తలుపు వేసి ఉంది. ఇంకేముంది, నాకు అంతా అర్థమైపోయింది అనుకున్నాను. ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఆ వారం తమకు జరిగిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. అయ్యగారు "ఎవరైనా ఉన్నారండీ?" అనగానే నేను దిగ్గున లేచాను. చిన్నపిల్ల లేచిందని అయ్యగారు ముచ్చటపడి "చెప్పమ్మా రూతూ" అన్నారు. నేను ఆడవాళ్ళ వరస కేసి తిరిగి, చెయ్యి నిటారుగా చాచి, వేలు పెట్టి చూపించి, "దేవుడి కోసం పెంచిన నా గుమ్మడికాయ దొంగ అదుగోనండి, అక్కడ కూర్చుంది," అన్నాను.

సువార్తమ్మత్త ఉలిక్కిపడింది. ఆవిడ చెయ్యి తనకి తెలియకుండానే ఎడం భుజం మీదికి వెళ్ళింది. అంతే, మందిరం మందిరమంతా ఘొల్లుమంది. గుమ్మడికాయ దొంగకీ భుజానికీ ఉన్న సంబంధం తెలియని తెలుగువాడెవడు చెప్పండి. అయ్యగారు ఎంత వారించినా నవ్వు ఆగలేదు. ఆవిడ కొంగు భుజం నిండా కప్పుకుని తల దించుకుంది. నేను మాత్రం గెలిచినదానిలా కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక మామ్మ నా రెక్క పట్టుకుని తిన్నగా అత్త ఇంటికి లాక్కెళ్ళింది. తలుపు తీస్తే లోపల వెలుగు. తాటాకింట్లో అంత వెలుగేమిటా అని తలెత్తాను, కప్పుకి ఇంత కంత, అందులోంచి ఆకాశం. దడి దగ్గర్నుంచి చూసినప్పుడు ఆకుల మాటున ఆ కంత నాకు కనపడలేదు. దాని కింద విరిగిన వాసం. నులకమంచం మీద, బొంతలో బుజ్జాయిలా, చెక్కు చెదరని నా గుమ్మడికాయ. మంచం పక్కన నేలమీద చాప, దిండు. కాయని మంచం మీద ఉంచి ఆవిడ నేలమీద పడుకుంది.

మామ్మ అడిగితే అత్త మెల్లగా చెప్పింది; మామ్మా తాతయ్యా ఆవిడకి పిన్నీ బాబాయిల వరస. "నిన్న పొద్దుగూకాక తాడు పేనుకుంటంటే పైనించి దిగబడిపోయిందండి పిన్నీ. వాసం వచ్చి ఈ బుజం మీద పడింది. కాయ మంచమ్మీద పడింది, దేవుడి దయ. చెయ్యి లేవట్లేదు, లేకపోతే నేనే తెచ్చి ఇచ్చేద్దును. పొద్దున్న పసరు కట్టించుకోడానికెళ్ళి అటునుంచటే మందిరానికొచ్చేను."

మామ్మ కొంగు తొలగించి చూసింది. భుజం కమిలి నల్లగా వాచిపోయి ఉంది.

కంత కింద ఒక సత్తు గిన్నె ఉంది. పాదు ఎక్కిన దగ్గర్నుంచీ తాటాకు చీకిపోయి, వాన పడిన ప్రతిసారీ నీళ్ళు కారుతున్నాయట. రాత్రంతా లేచి గిన్నెలు పారబోసుకునేదట. మందిరంలో కునికిపాట్లు అందుకన్నమాట. మరి పాదు తీసెయ్యమని ఒక్క మాట ఎందుకు చెప్పలేదమ్మా అని మామ్మ నిలదీసింది.

"చెబితే బాబాయిగారు ఆ పూటే పీకించేస్తారు కదండీ," అంది అత్త నా వంక చూసి. "పిల్ల మనసు పడి పెంచుకుంది. పండగ దాకా చూద్దాంలే అనుకున్నాను."

నాకు పారిపోదామనిపించింది, ఆవిడ కాళ్ళు పట్టుకుందామనీ అనిపించింది, ఏదీ చెయ్యలేక గుమ్మం పట్టుకుని బావురుమన్నాను. "తప్పయిపోయిందత్తా" అన్నాను, ఏడుపులో ఆ మాట నాకే వినపడలేదు. అత్త కుడిచేత్తో నన్ను దగ్గరికి తీసుకుని "ఊరుకోవే, కాయ బాగానే ఉందిగా" అంది. అప్పటికీ నేను కాయ కోసం ఏడుస్తున్నానే అనుకుంటోంది ఆ మహాతల్లి.

మామ్మ మాత్రం ఊరుకోలేదు. "ఇక్కడ చెవిలో చెబితే చెల్లదే. నలుగురిలో అన్నావు, నలుగురిలోనే దిద్దుకో," అంది. తాతయ్య సంగతి విని, మర్నాడు పొద్దున్నే కొత్త తాటాకు, వెదురు వాసాలు తెప్పించి, తలకి తువ్వాలు చుట్టుకుని తనే కప్పెక్కాడు. సంఘపెద్దే కప్పు నేస్తుంటే పేటలో మగాళ్ళు కింద నిలబడతారా, ఒకరి తర్వాత ఒకరు ఎక్కేరు. ఆదివారం నవ్విన ప్రతివాళ్ళూ ఆ వారంలో అత్త గడప తొక్కారు. పాదులో చివరి పిందెలు నేనే కోసి, నా చేత్తోనే పాదు పీకాను.

ఆ వారమంతా నేను అన్నం సరిగ్గా తినలేదు. పండగ కోసం కాదు, ఆ లేచి నిలబడడం కోసం. జ్వరం రాకూడదా అని ప్రార్థన చేశాను, రాలేదు.

పండగ రానే వచ్చింది. కోడిపెట్టలు అరుస్తున్నాయి, చెరుకు గడలు గుమ్మానికి కట్టారు, కొత్త బియ్యం వాసన, మైకు సెట్టు వేడి వాసన. కాయని తాతయ్య మోసుకెళ్ళి ముందు పెడితే జనం నిజంగానే నోళ్ళు వెళ్ళబెట్టారు. అయ్యగారు దాన్ని ఎత్తలేక, చెయ్యి మాత్రం ఆనించి, "ఇదెవరి చేతి కష్టమండీ?" అన్నారు. ఆర్నెల్లు కలలు కన్న క్షణం అది. లేచాను.

"సువార్తమ్మత్తదండి," అన్నాను. "నేను గింజ మాత్రమే పెట్టేనండి. అత్త ఇల్లు తడుపుకుని, బుజం ఇరగ్గొట్టుకుని కాపాడిందండి. దొంగ అని నేను అబద్ధం చెప్పేను. నాది తప్పండి."

ఈసారి ఎవ్వరూ నవ్వలేదు. కోడిపెట్ట ఒక్కటి అరిచింది. అయ్యగారు ఆడవాళ్ళ వరస కేసి చూసి, "ఏమండీ సువార్తమ్మగారూ, మీదేనా?" అన్నారు. పేటలో ఆవిణ్ణి గారు అని పిలవడం నేను వినడం అదే మొదటిసారి. అత్త లేచి, కుడిచెయ్యి నా వైపు ఎత్తి, "ఆయ్, మా ఇద్దరిదీనండి," అంది. ఆవిడ వేలు మడిచి ఉంది.

ఆనాటి దప్పళం రుచి ఇంకెక్కడా తగల్లేదు. అత్త పక్కన కూర్చుని మూడుసార్లు వడ్డించుకున్నాను, నా ఆకులో గుమ్మడి ముక్కలన్నీ ఏరి ఆవిడకే వేశాను, ఆవిడ తిరిగి నాకే వేసింది. అమ్మగారు గింజలు కడిగి పళ్ళెంలో ఎండబెడుతూ నా వంక చూసి, ఏ గింజ మొలిచిందే అని అడిగింది. తెలీదండి అన్నాను.

ఇప్పుడు మా పేటలో దడులు లేవు. అన్నీ డాబాలు, ఇంటింటికీ మధ్య గోడ, గోడమీద గాజు పెంకులు. ఏ పాదూ ఒకరింట్లో పుట్టి ఇంకొకరింట్లో కాసే వీలు లేదు. కోతల పండక్కి చాలామంది కవర్లలో కానుక పెట్టి ఇచ్చేస్తున్నారట, కోడిపెట్టలు లేకపోవడంతో ప్రార్థన ప్రశాంతంగా జరుగుతోందట. సువార్తమ్మత్త పోయి పదేళ్ళయింది. కడసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఎవరో కొత్త వాళ్ళు అమ్మాయి ఎవరి తాలూకని నన్నడిగారు. అత్త తాలూకనే చెప్పాను.

దుకాణం ఆవిడకి ఇదంతా ఎలా చెప్పను? చిన్నప్పటి అలవాటండి అని నవ్వేసి వచ్చేశాను. ఆవిడ దృష్టిలో అది కాయల కోసం మడిచే వేలు. నిజానికి కాయ వైపు ఇప్పుడు నేను వేలు చాచినా చాస్తాను. మనిషి వైపు చాచలేను.